లారీ గేర్‌బాక్స్ మూత తెరిచిన ఆదివారం

ఆ ఆదివారం మధ్యాహ్నం నాలుగు గంటల పది నిమిషాలకు షెర్విన్ కౌంటీ వ్యవసాయ ప్రదర్శన మైదానంలోని తనిఖీ షెడ్డులో ప్రవేశించినవారు, ప్రవేశించిన క్రమంలో, వీరు: ముందుగా తనిఖీ అధికారి ఆర్వల్ డెకర్ట్, తన సొంత పానాల సంచీతో; ఆయన వెనుక, గెలిచిన కారును తానే తోసుకుంటూ ట్వైలా ఓస్ట్‌మేయర్; ఆమెకు సాయంగా ఒక చెయ్యి వేసిన ఎల్డన్ ఫ్రీసెన్, ఆనాటి రేసులో అందరికన్నా ఆఖరున వచ్చినవాడు; తరువాత, హెల్మెట్ ఇంకా చంకలోనే ఉన్న ఫిర్యాదుదారు మెర్లిన్ రూప్; చివరగా రిజిస్టరుతో, ఈ ట్రాక్ రికార్డులు రాసే నేను. గుమ్మంలో గడపగా పరిచిన, రైలు పట్టాల కింద వేసే పాత దుంగను ఆ కారు చక్రాలు దాటడానికి ఇద్దరి బలం చాలక, డెబ్భై రెండేళ్ళ నా భుజం కూడా ఆనించవలసి వచ్చింది. ఫిర్యాదు పడిన కారు ఇంజన్‌ను తనిఖీ అధికారి అనుమతి లేకుండా వెయ్యరాదు. తలుపు మూసినది నేను. ఆరవ వ్యక్తి తరువాత వచ్చింది. ఆమె వచ్చిన నిమిషాన్ని దాని చోట చెబుతాను.

ఇంతవరకు చదివినవారికి జ్ఞాపకం చేయడానికీ, ఈ వారమే పత్రిక చేత పట్టినవారికి దారి చూపడానికీ కొన్ని మాటలు అవసరం. ట్వైలాకు ముప్ఫై మూడేళ్ళు. కౌంటీ బడి బస్సులకు మరమ్మతులు చేయడం ఆమె వృత్తి. జూన్‌లో ఆమె రేసు కారు గేర్‌బాక్స్ మూడవసారి ముక్కలైనప్పుడు, తల్లి బెర్నీస్ ముప్ఫై ఒక్క కోతకాలాలు నడిపి కిందటేడు కొట్టంలో నిలిపివేసిన గోధుమ లారీ నుంచి, నూట డెబ్భై పౌన్ల పోత ఇనుప గేర్‌బాక్స్‌ను ఊడదీసి కారులో బిగించుకుంది. ట్రాక్ అంతా నవ్వింది. ఆ నవ్విన నోళ్ళ ముందే ఏడు రేసుల్లో ఐదు ఆమె గెలిచింది. ఈ మధ్యాహ్నం ప్రదర్శన రేసులో, పావు మైలు మట్టి ట్రాక్‌మీద ఇరవై ఐదు చుట్లు తిరిగి, మూడేళ్ళుగా ఛాంపియన్ అయిన మెర్లిన్ రూప్‌ను సగం చుట్టు వెనక వదిలింది. దానితో ఈ ఏటి పట్టికలో ఇద్దరూ సమానమయ్యారు. మిగిలినది వచ్చే ఆదివారపు ఆఖరి రేసు ఒక్కటే.

గెలుపు జెండా చుట్టక ముందే మెర్లిన్ నా బల్లమీద ఫిర్యాదు పత్రం పెట్టాడు. "ఆ పెట్టె డొల్ల. లోపలి గేర్లన్నీ పీకేసి బరువు తగ్గించింది" అని అందులో ఉంది. అది నిజమని తేలితే ఈ గెలుపు పోతుంది; ఆఖరి రేసుకు ఆమె కారు గేటు దాటి లోపలికి రాదు.

"ఎక్కమ్మా," అన్నాడు ఆర్వల్.

మా కార్లకు తలుపులు తెరుచుకోవు, వాటిని అతికివేస్తారు. ట్వైలా కిటికీ అంచు పట్టుకుని, కాళ్ళు ముందుగా లోపలికి వేసి సీటులో జారింది. ఆర్వల్ కిటికీలోకి వంగి నిలబడ్డాడు. తొమ్మిదవ నిబంధనను నేను బిగ్గరగా చదివాను. గేర్‌బాక్స్ ఏ ఏ గేర్లతో తయారైనదో ఆ గేర్లన్నిటిలోనూ, డ్రైవరు సీటులో కూర్చున్న మనిషి చేతితో, కారు కదలవలెను.

"రెండు," అన్నాడు ఆర్వల్. కారు గజం ముందుకు కదిలి ఆగింది.

"మూడు." కదిలింది.

"నాలుగు." మూలిగింది గాని కదిలింది.

"వెనక్కి." వచ్చింది.

మెర్లిన్ ముఖంలో రంగు మారడం నేను చూశాను. డొల్ల పెట్టె ఇన్ని గేర్లలో నడవదు.

"ఇప్పుడు ఒకటి."

లివర్ ఎడమకు వెళ్ళి ఇనుముకు తగిలి ఆగిపోయింది. ఆ ఠంగుమన్న చప్పుడు రేకుల కప్పుకు కొట్టుకుని తిరిగివచ్చింది.

"మళ్ళీ."

ఠంగ్.

"ఇంకోసారి, క్లచ్ పూర్తిగా తొక్కి."

ఠంగ్.

"అది వెళ్ళదు, ఆర్వల్ గారూ," అంది ట్వైలా లోపలి నుంచి. "నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ వెళ్ళదు. అమ్మ లారీ నేర్పినప్పుడు కూడా రెండోదాంట్లోనే ఎత్తించేది. అదెప్పుడో చచ్చిపోయిందనుకున్నా."

"రేసు కారులో బిగించేటప్పుడైనా మూత తీసి చూసుకోలేదా?"

"పనిచేసేదాన్ని ఎందుకు కెలకడం? నూనె మార్చాను, అంతే. కార్లు కదుల్తూ ఉండగానే కదా మనం రేసు మొదలెడతాం. ఒకటో గేరు ఎవరికి కావాలి?"

"అవ్వగేరు కదా అది," అన్నాడు ఎల్డన్. ఆ పాత లారీల మొదటి గేరుకు మా ప్రాంతంలో అదే పేరు. అవ్వ నడకకన్నా నెమ్మదైనది. "బురదలో పడ్డ ఆవుని లాగడానికి పనికొస్తుంది. ఇవాళ ట్రాక్‌లో ఆవు పడిందా, మెర్లిన్? పడితే నాకు చెప్పలేదే?"

"నిబంధనల్లో ఆవుల ఊసు లేదు," అన్నాడు మెర్లిన్. "అన్ని గేర్లూ పడాలని ఉంది. లేని గేరు ఎలా పడుతుంది? పీకేసింది కాబట్టే పడటం లేదు. తెరవండి, పెద్దాయనా."

"తెరుస్తా," అన్నాడు ఆర్వల్. "నువ్వు చెప్పకపోయినా తెరుస్తా."

ట్వైలా బయటికి వచ్చి, ముందు చక్రానికి వీపు ఆనించి నేలమీద కూర్చుంది. ఆర్వల్ తన డెబ్భై ఒక్క ఏళ్ళ మోకాళ్ళను బతిమాలుకుంటూ కిటికీలోంచి దూరాడు. సీటు పక్కన నేలకు బిగించిన రేకు ఊడదీశాడు, పైమూత బోల్టులు ఒక్కొక్కటే తిప్పాడు. లివరుతో సహా మూతను రెండు చేతులా ఎత్తి పక్కన పెట్టి, కొక్కెం దీపాన్ని ఆ నోటిలోకి దించాడు.

దీపాన్ని ఆ మూల నుంచి ఈ మూలకు నెమ్మదిగా తిప్పాడు.

"ఖాళీనా?" అన్నాడు మెర్లిన్.

"వచ్చి చూసుకో."

మెర్లిన్ ఎడమ కిటికీలోంచి నడుము వరకు వంగాడు. అతని తరువాత ఎల్డన్, ఎల్డన్ తరువాత నేను. ముప్ఫై ఎనిమిదేళ్ళు పిల్లలకు లాటిన్ వ్యాకరణం చెప్పినవాడిని. యంత్రాల గురించి నాకు తెలిసినది ఈ ట్రాక్ రికార్డులు రాస్తూ పదకొండేళ్ళలో చెవిన పడినది మాత్రమే. అయినా ఆ దీపపు వెలుగులో నేను చూసినదానికి నా శ్వాస నెమ్మదించింది.

లోపల ఒక్కటీ లోపించలేదు. పళ్ళెమంత గేరు నుంచి పిడికిలంత గేరు వరకు, ఒకదాని పంటిలో ఒకటి పెట్టుకుని, తేనె రంగు నూనెలో సగం మునిగి వరుసగా పడుకుని ఉన్నాయి. ముప్ఫై రెండేళ్ళ పని వాటి అంచుల్ని అరగదీయలేదు, నునుపు చేసింది. ఆర్వల్ వేలితో చివరి గేరును తోశాడు. ఒకటి కదిలితే అన్నీ కదిలాయి. చిన్నది చురుకుగా, పెద్దది తీరికగా, ఏ రెండింటి వేగమూ ఒకటి కాదు, అయినా ఏ పన్నూ తన వంతు తప్పలేదు. చప్పుడు కూడా లేదు. నూనె కారుతున్న చిన్న సవ్వడి తప్ప షెడ్డులో మరేదీ వినిపించలేదు. మూత అంచు మడతలో బంగారు రంగు పొట్టు కొద్దిగా చిక్కుకుని ఉంది. అది ఏ సంవత్సరపు గోధుమదో ఎవరు చెప్పగలరు?

అన్నిటి చివర, వెనక మూలన, అందరికన్నా లావుగా, పళ్ళు ఏ మాత్రం అరగకుండా, నిన్న పోతపోసినట్లున్న గేరు ఒకటి ఉంది. అదే అవ్వగేరు.

"అమ్మో," అన్నాడు ఎల్డన్. అతని నోట ఎగతాళి లేని మాట వినడం నాకు అదే మొదటిసారి. "నిండా ఉంది."

"నిండా ఉందా?" అంది ట్వైలా నేలమీద నుంచే. ఆమె లేచి చూడలేదు.

"నిండా," అన్నాడు ఆర్వల్.

మెర్లిన్ వంగినవాడు వంగినట్లే ఉన్నాడు. "ఇంత బరువుతోనా?" అన్నాడు. ఎవరినీ అడగలేదు, ఆ ఇనుమునే అడిగాడు. "ఇంత బరువు మోసుకుంటూ నన్ను సగం చుట్టు వదిలేసిందా? నేను అరపౌను తగ్గుతుందని ఇంజన్ వెనక తిరిగే ఫ్లైవీలు చక్రం చెక్కించుకున్నాను. సీటు దూది కూడా పీకేశాను. ఎలా, ఆర్వల్? ఎలా కుదురుతుంది?"

ఆర్వల్ దీపం పట్టుకునే జవాబిచ్చాడు. ఒక్కొక్క పంటినీ వెలుగులోకి తిప్పుతూ, మాట్లాడుతూ పోయాడు.

"ఎండలో రేసు, అబ్బాయ్. రెండో చుట్టుకే తడి ఆరిపోయి మట్టి గాజులా జారుతుంది. అప్పుడు నీ ఇంజన్‌కి బలం ఎక్కువైంది కానీ తక్కువ కాలేదు. మలుపు తిరిగి కాలు మోపగానే నీ చక్రాలు అక్కడికక్కడే గిర్రున తిరుగుతాయి. ఈ కారుకి అలా కాదు. ఇంజన్ ఎంత దూకినా ముందు ఈ ఇనుమంతటినీ తిప్పాలి. ఇది ఆ దూకుడు మింగి, చక్రాలకి కొంచెం కొంచెంగా వదుల్తుంది. గోధుమ లారీ మెత్తటి చేలో కూరుకుపోకుండా ఎలా బయటికొస్తుందో, ఈ అమ్మాయి మలుపులోంచి అలాగే బయటికొస్తోంది. బరువు ఎక్కడుందో చూడు. ఇంత కింద. నువ్వు తీసి పారేసిందే ఈమెని గెలిపించింది."

పదకొండేళ్ళుగా ఆ ట్రాక్‌లో నేను చూసిన ప్రతి పానా, ప్రతి రంపం, ప్రతి వాదన బరువు తగ్గించడానికే. అందరూ ఒకే దిక్కుకు పరుగెత్తుతుంటే, ఆ పెట్టె మాత్రం తన చోట తాను కూర్చుని నిజాన్ని దాచుకున్నది.

ఆర్వల్ వేలు మూడవ గేరు దగ్గర ఆగింది. దీపం ఆ పళ్ళమీద మిగతావాటికన్నా ఎక్కువసేపు నిలిచింది. ఆయన పెదవులు కదిలి మూసుకున్నాయి. తరువాత ఆయన ఏమీ అనకుండా దీపాన్ని పైకి తీసి, పక్కన పెట్టిన మూతను ఒడిలోకి తీసుకుని తిరగేశాడు.

"ఇదీ అడ్డం," అన్నాడు. మూత పక్కనుంచి లోపలికి దిగిన బోల్టు ఒకటి, లివరు ఒకటవ గేరుకు వెళ్ళే దారికి సరిగ్గా అడ్డంగా నిలబడి ఉంది. "ఇది కార్ఖానా పని కాదు. తరవాత ఎవరో కన్నం పెట్టి..."

ఆయన కళ్ళజోడు నుదుటికి తోసి, బోల్టు తలను బొటనవేలితో తుడిచాడు. మళ్ళీ తుడిచాడు. నాకు కూడా కనిపించింది: సుత్తితో కొట్టిన మూడు చిన్న గుర్తులు, ఇంగ్లీషులో ఆర్వల్ పేరు మొదటి అక్షరాలు, సంవత్సరం. ఓ. డి. 67.

ఆర్వల్ మూతను మెల్లగా సీటుమీద పెట్టాడు, కిటికీలోంచి బయటికి వచ్చాడు, చొక్కాకు పెట్టుకున్న తనిఖీ అధికారి బిళ్ళ ఊడదీసి నా రిజిస్టరుమీద పెట్టాడు.

"అది నా బోల్టు, మేష్టారూ. వ్యవసాయ యంత్రాల దుకాణంలో పనిచేసే రోజుల్లో నా చేత్తో నేనే వేశాను. నా పనిమీద నేను తీర్పు చెప్పకూడదు. పద్నాలుగో నిబంధన చదవండి."

"ఆర్వల్, ఒక్క బోల్టుకి ఇంత..." అన్నాడు ఎల్డన్.

"చదవండి, మేష్టారూ."

చదివాను. పందొమ్మిది వందల యాభై ఒకటిలో ఈ ట్రాక్ కట్టినవారు ఆ నిబంధన రాశారు. నలభై మూడేళ్ళలో దాన్ని ఎవరూ వాడలేదు. తనిఖీ అధికారికి ఆ వస్తువుతో పూర్వసంబంధం ఉన్నచో, ఫిర్యాదు చేసినవాడే డ్రైవరు సీటులో కూర్చుని, తన చేతితో పరీక్షించి, ఫలితమును అందరి ఎదుట చెప్పవలెను. ఆ మాటే తీర్పు.

"నేనా?" అన్నాడు మెర్లిన్.

"వాడా?" అంది ట్వైలా, ఆ రోజు మొదటిసారి గొంతు పెంచి.

"ఇంకేం," అన్నాడు ఎల్డన్, "ఎవరి కేసుకి వాళ్ళే జడ్జీ. ఈ సంగతి ముందే తెలిస్తే నేనూ వారానికో ఫిర్యాదు పెట్టేవాణ్ణి."

ఆ నిబంధన రాసినవారి ఉద్దేశం నాకు తెలుసు. ఈ కౌంటీలో పుట్టి, ఇక్కడే దున్ని, ఇక్కడే పోయే మనిషి, తన పొరుగువారి కళ్ళలోకి చూస్తూ అబద్ధం చెప్పలేడని వారి నమ్మకం. ఆ నమ్మకంలో నేను వారితో ఏకీభవించలేకపోయాను. పదహారేళ్ళ మెర్లిన్ రూప్ నా తరగతిలో పక్కవాడి కాగితం చూసి రాస్తూ దొరికిపోయి, నా కళ్ళలోకి చూస్తూనే పది నిమిషాలు అబద్ధమాడాడు. అది ఇరవై రెండేళ్ళ నాటి మాట. నేను మరువలేదు. అతను కూడా మరువలేదని, ఆ క్షణాన నావైపు చూడకుండా హెల్మెట్ పట్టీని సర్దుకున్న తీరును బట్టి గ్రహించాను.

"మేష్టారూ," అన్నాడు ఆర్వల్, "ఇకమీద నేను నోరు విప్పకూడదు. కానీ ఒక సాక్షిని పిలిపించమని మిమ్మల్ని అడగొచ్చు. బెర్నీస్‌ని పిలిపించండి."

లౌడ్‌స్పీకరులో ఆమె పేరు రెండుసార్లు పలికించాను. చర్చి స్త్రీల తినుబండారాల పందిరి నుంచి, నాలుగు గంటల యాభై రెండు నిమిషాలకు బెర్నీస్ ఓస్ట్‌మేయర్ వచ్చింది. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, నిటారుగా నడుస్తుంది. ముందు కట్టుకున్న వంట గుడ్డమీద పీచ్ పండ్ల రసం, ముంజేతుల నిండా పిండి.

"ఎవరు చచ్చారు?" అంది గుమ్మంలోనే.

"ఎవరూ చావలేదమ్మా," అంది ట్వైలా. "లారీ ఒకటో గేరు పడటం లేదు. పడాలిట. పడకపోతే నేను ఇంటికే."

బెర్నీస్ షెడ్డంతా ఒకసారి కలయజూసింది. కూతురిని, బిళ్ళ లేని ఆర్వల్ చొక్కాను, మెర్లిన్‌ను.

"బోల్టు తగుల్తోందా?" అంది.

ఆర్వల్ తల ఊపలేదు, నేలను చూస్తూ నిలబడ్డాడు. ఆయనకు తెలుసునని, తెలిసీ చెప్పరాదని నాకు అప్పుడు అర్థమైంది. పద్నాలుగవ నిబంధన కింద సాక్షి మాట్లాడవచ్చును, కారును ముట్టరాదని ఆమెకు నేను వివరించాను.

"ముట్టుకోవక్కర్లేదు. చెప్తా," అంటూ ఆమె ఒక ఖాళీ టైరుమీద కూర్చుంది. "అరవై ఏడు. గడ్డి మోపులు ఎక్కించే రోజులు. అప్పుడు నాకు మనుషులెక్కడ? అవ్వగేరులో పెట్టి లారీ దిగేసేదాన్ని. అదే నడిచేది. డ్రైవరు లేడు, పాదం పెట్టేవాడు లేడు. చేలో దానంతటది పోతూ ఉంటే పక్కన నడుస్తూ మోపులు విసిరేదాన్ని. గట్టు చివర ఎక్కి తిప్పుకునేదాన్ని. రోజంతా అంతే. మంచి లారీ."

"చాలామంది అలానే చేసేవారు," అన్నాడు ఎల్డన్.

"ఒకరోజు ఇది లోపల నిద్రపోతోంది." ఆమె ట్వైలావైపు చూడకుండానే గడ్డంతో చూపింది. "ఆరేళ్ళు. సీటుమీద పడుకోబెట్టాను. లారీని రెండోదాంట్లో ఆపి, తాళం తీసుకోకుండా, నీళ్ళకి పోయాను. ఇది లేచి ఆటలాడింది. లివరు తన్ని అవ్వగేరులో ఎలా పడేసిందో, తాళం ఎలా తిప్పిందో దేవుడికి తెలియాలి. నేను తిరిగి చూసేసరికి లారీ పోతోంది. పరుగు కాదు, నడకే. కానీ ఆగదు. కంచె తీగలు తెంపుకుని పోయింది. గట్టు ఎక్కింది. పశువుల చెరువులోకి దిగింది. నేను ఈదుకుంటూ పోయి ఎక్కేదాకా ఇంజన్ ఆగలేదు. నీళ్ళు దీని గొంతుదాకా వచ్చాయి. ఆ నీళ్ళలోనూ ఆ గేరు ఇంకా తోస్తూనే ఉంది."

ట్వైలా లేచి నిలబడింది. "నాకెప్పుడూ చెప్పలేదు."

"చెప్పడానికేముంది? బతికావుగా." బెర్నీస్ చేతులు ఒళ్ళో మడుచుకుంది. "మర్నాడు ఆర్వల్ దగ్గరికి లాక్కెళ్ళాను. పిల్ల చేతికి ఇంకెప్పుడూ అందకూడదన్నాను. ఆయన ఆ బోల్టు వేశాడు. కానీ పెద్దవాళ్ళ చేతికి దారి ఉంచాడు. లివరు చుట్టూ ఒక తొడుగు. రెండు వేళ్ళతో ఎత్తితే బోల్టు పైనుంచి దాటి పోతుంది. పిల్ల వేళ్ళకి అంత బలముండదు కదా. ఆ తరవాత నాకూ అక్కర్లేకపోయింది. భయం. ఇరవై ఏడేళ్ళు ఎత్తలేదు. ఎక్కడా ఆ తొడుగు? కనబడదేం?"

అందరమూ సీటుమీద ఉన్న మూతవైపు, దానికి నిలబడిన లివరువైపు చూశాము. లివరు పొడుగునా, పట్టు కోసం, నల్లటి గుడ్డ టేపు మందంగా చుట్టి ఉంది. జూన్‌లో ట్వైలా చుట్టినది.

ట్వైలా అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

ఎల్డన్ మూతను దాని చోట పెట్టి బోల్టులు బిగించాడు. "నేను చివరివాణ్ణి, ఎవరి పక్షమూ కాదు," అని ముందే ప్రకటించి మరీ చేశాడు. మెర్లిన్ కిటికీలోంచి లోపలికి దిగాడు. లోపల ఉన్నది అతను ఒక్కడే. తొడుగును అతను సగమే ఎత్తవచ్చును, అసలు ఎత్తకపోవచ్చును, ఎత్తాను పడలేదని చెప్పవచ్చును. చెబితే అదే తీర్పు. ఈ ఏటి ఛాంపియన్ పదవి ఎవరితోనూ పోటీ లేకుండా అతనిది. నాలుగవసారి.

అతను చాలాసేపు స్టీరింగు చక్రం పట్టుకుని ఊరికే కూర్చున్నాడు. ట్వైలా అతనివైపు చూడలేదు, తల్లి పక్కన నిలబడి ఆమె ముంజేతి పిండిని తుడుస్తోంది.

"మేష్టారూ," అన్నాడు మెర్లిన్, ముందుకే చూస్తూ. "ఆ లాటిన్ పరీక్ష. నేను చూసే రాశాను."

"నాకు తెలుసు, మెర్లిన్."

"తెలుసని నాకూ తెలుసు."

టేపు చివర గోటితో లేపి లాగాడు. అది చిరచిరమంటూ చుట్టు తరువాత చుట్టు ఊడి వచ్చింది. కింద మసకబారిన ఇత్తడి తొడుగు కనిపించింది.

"తలుపు తియ్యండి, మేష్టారూ," అంది బెర్నీస్. "అది పడిందంటే షెడ్డు చాలదు."

తలుపు తీశాను. ఇంజన్ వేశాడు. రెండు వేళ్ళతో తొడుగు ఎత్తడం, లివరు ఎడమకు వెళ్ళడం అందరమూ చూశాము. ఈసారి ఇనుము మోగలేదు. టక్కుమని మెత్తగా, పెట్టెలో ఏదో కూర్చున్న చప్పుడు మాత్రం వినిపించింది. అతను క్లచ్ వదిలి, రెండు పాదాలూ ఎత్తి సీటుమీదికి మడుచుకుని, రెండు చేతులూ కిటికీలోంచి బయటికి చాపాడు, అందరూ చూడడానికి.

కారు కదిలింది.

దానిని కదలిక అనడం సరిపోదు. గంట కిందట గంటకు డెబ్భై మైళ్ళతో మట్టి చిమ్మిన ఆ వాహనం, మనిషి నడకలో సగం వేగంతో, ఇంజన్ నిద్రలో గుర్రు పెడుతున్నట్లు ఉండగా, ఎవరి పాదమూ లేకుండా గుమ్మంవైపు సాగింది. మేము ముగ్గురం భుజాలు ఆనించి దాటించిన రైలు దుంగ దగ్గర ముందు చక్రాలు ఆనాయి. ఇంజన్ స్వరం మారలేదు. చక్రాలు పైకి ఎక్కాయి, దిగాయి. వెనక చక్రాలు ఎక్కాయి, దిగాయి. ఆ దుంగ అక్కడ లేనట్లే. నేను దుంగమీద ఒక చెయ్యి వేసి చూశాను. అది భూమిలోకి అంగుళం దిగింది.

బెర్నీస్ లేచి బయటికి నడిచింది. ఎవరూ ఆపలేదు. కారును ముట్టకుండా, దాని పక్కనే, దాని అడుగుకు తన అడుగు కలిపి, చేతులు ఊపుకుంటూ నడిచింది. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, ముప్ఫై గజాలు. మట్టి బెడ్డలు, పిండి చేతులు, పశ్చిమానికి వాలుతున్న ఆగస్టు ఎండ. కంచె అవతల ఇంటికి పోతున్న జనం ఎక్కడివారక్కడ ఆగి చూశారు. టోపీలు తీసినవారు కూడా ఉన్నారు, ఎందుకు తీశారో వారికే తెలియదు.

మెర్లిన్ తాళం తిప్పి ఆపాడు. కిటికీలో కూర్చుని, ఆ జనమంతా వినేలా అన్నాడు: "పడింది. ఒకటో గేరు పడింది. అన్ని గేర్లూ ఉన్నాయి. కారు సరైనదే. ట్వైలా గెలిచింది."

ఎల్డన్ ఈల వేశాడు. ట్వైలా ఏడవలేదు, నవ్వలేదు. మెర్లిన్ దగ్గరికి వెళ్ళి, అతను కిందికి దిగడానికి చెయ్యి అందించింది.

"వచ్చే వారం నిన్ను ఓడిస్తాను," అంది.

"ఓడిద్దువుగాని," అన్నాడు అతను.

ఆర్వల్ తన బిళ్ళను నా రిజిస్టరుమీద నుంచి తీసుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. మాట్లాడే హక్కు ఆయనకు తిరిగి వచ్చింది. దానిని ఆయన సంతోషంగా వాడలేదు.

"అమ్మాయ్, వచ్చే వారం సంగతి. తీర్పుతో సంబంధం లేదు కాబట్టి ఇందాక చెప్పలేదు. నీ మూడో గేరుకి రెండు పళ్ళ మొదట్లో బీట వచ్చింది. నువ్వు రేసంతా తిరిగేది దాంట్లోనే. ఇంకో ఇరవై ఐదు చుట్లు ఓర్చుకోదు. ఐదు కూడా అనుమానమే."

"కొత్త గేరు?"

"ఇది ఎక్కడా దొరకదు. ఈ పెట్టె చెయ్యడం మానేసి చాలా ఏళ్ళయింది."

"అలాంటి లారీలు ఆ ఏడు ఈ కౌంటీకి రెండే వచ్చాయి," అంది బెర్నీస్, ఆయాసపడుతూ. "ఒకటి మాది. రెండోది..."

ఆమె ఆగింది. ఆమె చూపు వెళ్ళిన చోటికే అందరి చూపులూ వెళ్ళాయి.

"మా నాన్నది," అన్నాడు మెర్లిన్. "కొట్టంలోనే ఉంది. కానీ దాంట్లో గేర్‌బాక్స్ లేదు." నేలను చూశాడు. "నిన్న పొద్దున ఊడదీశాను. మూత తెరిచి చూశాను, నిండా ఉంది. ఎత్తలేక నా నడుం పట్టేసింది. ఇంత బరువుతో ఎవరూ గెలవలేరనిపించింది, నీది డొల్లే అయ్యుంటుందనుకున్నా. అందుకే ఫిర్యాదు." తలెత్తాడు. "అది ఇప్పుడు నా బల్లమీద ఉంది, ట్వైలా. నీది డొల్ల కాదని తేలితే దాన్ని నా కారులో నేను బిగించుకుందామని."

అతను అంతకుమించి చెప్పలేదు. ట్వైలా అంతకుమించి అడగలేదు. హెల్మెట్ చంకన పెట్టుకుని అతను తన కారువైపు నడిచి వెళ్ళాడు. ఆ బల్లమీది ఇనుము ఏ కారులోకి వెళ్ళబోతున్నదో అతని వీపును చూసి చెప్పగల మనిషి ఆ మైదానంలో లేడు.

నేను షెడ్డులోకి తిరిగి వచ్చి, గడప దుంగమీద కూర్చుని, ఆ రోజు పుటను ముగించాను. రాసినది ఇది:

"షెర్విన్ కౌంటీ ట్రాక్, 1994 ఆగస్టు 14, ఆదివారం. ఫిర్యాదుదారు మెర్లిన్ రూప్, పద్నాలుగవ నిబంధన ప్రకారం పరీక్షకుడై, తనకు లాభించే మాట చెప్పుటకు అడ్డు ఏదియు లేని చోట, తన చేతితో టేపు విప్పి, రెండు వేళ్ళతో తొడుగు ఎత్తి, తనకు నష్టము కలిగించు నిజమును అందరూ వినునట్లు పలికినాడు. ఈ కార్యమును ఈ ట్రాక్ పక్షమున ఇందుమూలముగా గౌరవపూర్వకముగా గుర్తించడమైనది. ఇరవై రెండేళ్ళ క్రితం అతనికి లాటిన్‌లో సున్న వేసిన ఉపాధ్యాయుడు కూడా ఈ గుర్తింపులో తన సంతకము చేర్చుచున్నాడు."